నేను కొట్టించని గుండె

నేను ఒక సీసాను. వేలెడంత పొడవు, గోధుమరంగు గాజు, నల్లటి మరమూత. వెలుతురు తగిలితే లోపలి పొడి పాడైపోతుందని నాకు ఈ రంగు గాజు పెట్టారు. పొడి మాత్రం తెల్లగా, మైదాపిండిలా ఉంటుంది. సీసా వేరు, పొడి వేరు అని మీరు అనొచ్చు. మేమిద్దరం ఇన్నేళ్లూ కలిసే ఉన్నాం, పొగడ్తలూ కలిసే తిన్నాం. కాబట్టి నేను అంటే ఇద్దరమూ అనుకోండి.

మీరు నన్ను చూసే ఉంటారు. ఆమధ్య పేపర్లో నా ఫొటో వేశారు. ‘గుండెను మొలిపించే పొడి’ అని పైన పెద్ద అక్షరాలు. సీసాకు పేపర్లో ఫొటో రావడం అంటే మాటలా? మా జాతిలో చాలామంది తలనొప్పి మాత్రలు మోసి మోసి చెత్తబుట్టలో పడతారు. నాకు అలాంటి యోగం పట్టలేదు. పట్టి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది.

నన్ను పుట్టించింది విశాఖపట్నంలో కామేశం గారు. కాలేజీలో రసాయనశాస్త్రం పాఠం చెప్పి, సాయంత్రం ల్యాబులో కూర్చుని ఏవేవో కలిపి, కాచి, వడగట్టి, ఆరబెట్టేవారు. రక్తపోటుకు మందు కనిపెట్టాలని ఆయన కోరిక. వరసపెట్టి పొడులు చేశారు, దేనికీ రక్తపోటు లొంగలేదు. నాకూ లొంగలేదు. మిగతావాటిని పారబోశారు గానీ నన్ను మాత్రం ఎందుకో పారబోయలేక, మూత బిగించి, చీటీ మీద నంబరు రాసి బీరువాలో పెట్టుకున్నారు. కొందరికి పనికిరాని పిల్లల మీదే మమకారం ఎక్కువగా ఉంటుంది.

తర్వాత హైదరాబాదు నుంచి ఆయనకు ఫోను వచ్చింది. అవతల ప్రొఫెసర్ రఘూత్తమరావు, మూలకణాల మీద పరిశోధన చేసే పెద్దమనిషి. ఎవరి బీరువాల్లో ఏ పొడులు పడి ఉన్నా పంపండి, మా కణాల మీద వేసి చూస్తాం అని ఆయన ఊరూరా అడుగుతున్నారట. కామేశం గారు సంతోషంగా ఒప్పుకుని ఒక్క మాట చెప్పారు.

“నీళ్లలో కలవదండీ ఇది, మొండిఘటం. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలపాలి. అదీ కాస్త ఎక్కువ పొయ్యాలి, లేకపోతే అడుక్కి దిగిపోతుంది.”

అలా ఐసు ముక్కల మధ్య పెట్టెలో పడుకుని నేను హైదరాబాదు చేరాను.

అక్కడ నన్ను అందుకున్నది హిమజ. తణుకు అమ్మాయి, రావు గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. గ్లవ్స్ తొడుక్కునే ముందు గాజులు తీసి కోటు జేబులో వేసుకునేది, నడుస్తుంటే అవి జేబులో గలగలమనేవి. అందుకని ఆమె వస్తోందంటే నాకు ముందే తెలిసిపోయేది. చేరి చాలా ఏళ్లయింది, స్కాలర్‌షిప్పు గడువు దగ్గర పడింది, ఇంతవరకు చెప్పుకోదగ్గ ఫలితం ఒక్కటీ లేదు. ఫలితం లేకపోతే డిగ్రీ లేదు. తోటివాళ్లు టిఫిన్‌కు పిలిచినా వెళ్లకుండా మైక్రోస్కోపు ముందు కూర్చునేది.

మూలకణం అంటే ఏమిటో నాకు ఆమె నోటనే తెలిసింది. కొత్తగా చేరిన వాళ్లకు ఆమే చెప్పేది. మూలకణం అంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోని కణం. ఎముకైనా కావచ్చు, నరమైనా కావచ్చు, గుండె కండరమైనా కావచ్చు. ఇంటర్ పాసైన పిల్లవాడిలాంటిది అన్నమాట. ఇక చుట్టాలంతా మూగి ఇంజనీరింగు చేరమని ఒకరు, లా చదవమని ఒకరు చెవిలో పోరుతారు చూశారూ, ఆ చుట్టాల పని ఇక్కడ మాలాంటి రసాయనాలు చేస్తాయి. ఒక్కో పొడీ కణం మీద పడి నువ్వు ఇది అవ్వు, అది అవ్వు అని చెబుతుంది. కొన్నిటి మాట కణం వింటుంది, చాలావాటి మాట వినదు. వినిపించగల పొడి ఏదో వెతికి పట్టుకోవడమే ఆ ల్యాబు పని.

వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ప్లాస్టిక్ ప్లేటులో చిన్న చిన్న గుంటలుంటాయి, ఆ గుంటల్లో కణాలు పెంచుతారు. కొన్ని గుంటల్లో మందు వేస్తారు, కొన్నిటిని మందు వేయకుండా వదిలేస్తారు. వదిలేసినవాటిని కంట్రోల్ అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మార్పు మందు వల్ల వచ్చిందో, దానంతట అదే వచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడే మా రావు గారి ఇంటి ఆచారం ఒకటుంది. కణాలకు వేసే తిండిని మీడియా అంటారు, అది విదేశాల నుంచి రావాలి, వచ్చేసరికి నెలలు పడుతుంది. అందుకని ఆయన ఒక రూలు పెట్టారు. ఎవరి కంట్రోల్ వాళ్లు పెట్టుకోకూడదు. వారానికొకసారి ఒకరు కంట్రోల్ ప్లేటు వేస్తారు, ల్యాబులో అందరూ తమ ఫలితాలను దాంతోనే పోల్చుకోవాలి. ఆ ప్లేటులో కణాలు, మీడియా తప్ప ఇంకేమీ ఉండదు. చూడవచ్చిన వాళ్లకు ఈ పొదుపు గురించి ఆయన గొప్పగా చెప్పేవారు. వాళ్లూ ఆహా అనేవారు. నేనూ అనుకున్నాను, ఎంత బుద్ధిమంతుల ఇంట పడ్డాను అని.

హిమజ నన్ను కామేశం గారు చెప్పినట్టే ద్రావకంలో బాగా కలిపి, కణాల మీద వేసింది. కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఒకరోజు పొద్దున మైక్రోస్కోపులో కన్ను పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, “ఒసేయ్, ఇటు రండే” అని కేక పెట్టింది. గుంటలో కణాలన్నీ గుంపుగా చేరి, ఒక్కసారిగా ముడుచుకుని, వదులై, మళ్లీ ముడుచుకుంటున్నాయి. కొట్టుకుంటున్నాయి. గుండె లేని చోట గుండె కొట్టుకుంటోంది. అందరి కంట్రోల్ ప్లేటులో చూశారు, అక్కడ కణాలు కదలకుండా పడి ఉన్నాయి.

రావు గారు వచ్చి చూసి, హిమజ తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆమె ఏడ్చేసింది. నేను కూడా ఉబ్బితబ్బిబ్బయ్యాను. విశాఖలో రక్తపోటును కూడా లొంగదీయలేని నేను గుండెను మొలిపించానట! కామేశం గారు వింటే ఎంత పొంగిపోతారో అనుకున్నాను.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. వ్యాసం అచ్చయింది, మొదటి పేరు హిమజది, చివరి పేరు రావు గారిది, మధ్యలో ల్యాబువాళ్లందరివీ. పేపరువాళ్లు వచ్చారు. ఒక మందుల కంపెనీ వాళ్లు వచ్చి చేతులు కలిపి వెళ్లారు. నన్ను అందరి ఫ్రిజ్‌లోంచి తీసి రావు గారి గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పెట్టారు. అందులో ఒక పక్క ఆయన ఇన్సులిన్ ఇంజెక్షన్లు, ఇంకో పక్క మజ్జిగ ప్యాకెట్లు. ఎవరు చూడ్డానికి వచ్చినా నన్ను బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించడం ఆయనకు అలవాటైంది.

అలా చూడవచ్చిన వాళ్లలో సదానందం ఒకడు. హన్మకొండలో టైలరు. బట్టల సంచి చంకలో పెట్టుకుని, చెప్పులు గది బయట విడిచి, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, నా బిడ్డ సహజ ఇంటర్ చదువుతాంది. జరమొచ్చి పోయినంక గుండె పెద్దగైందన్నరు, బలం తగ్గిందన్నరు. నాలుగు మెట్లెక్కితె ఆయాసపడతది. గుండె మార్చుడొక్కటే దిక్కు, పేరు రాపిచ్చి సంతకం పెట్టమంటున్రు పెద్ద దవాఖానోళ్లు. గంతల మీ సంగతి పేపర్ల చూసిన. ఎవరో సచ్చిపోయినోళ్ల గుండె నా బిడ్డకు కోసి పెట్టుడు ఎందుకు సార్? ఆమె గుండెనే మంచిగ చేసే మందు మీ కాడ ఉన్నదట గద?”

రావు గారు మంచివారే. మందు ఇచ్చేస్తామని అనలేదు. “ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉందండీ. మనుషుల దాకా రావాలంటే టైం పడుతుంది” అన్నారు.

“ఎంత పడుతది సార్? ఆర్నెల్లా, ఏడాదా?”

“చెప్పలేం. ఈ రోజుల్లో సైన్స్ చాలా స్పీడుగా వెళ్తోంది. ఆశ మాత్రం వదులుకోకండి.”

అంటూ అలవాటు చొప్పున ఫ్రిజ్ తెరిచి నన్ను తీసి ఆయన చేతిలో పెట్టారు. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు అవి. సదానందం నన్ను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. టైం పడుతుంది అన్న మాట ఆయనకు వినపడలేదు, ఆశ అన్న మాట ఒక్కటే వినపడింది. మనుషుల చెవులు అలాగే ఉంటాయి, తమకు కావలసినదే లోపలికి పోనిస్తాయి.

తర్వాత ఆయన తరచూ వచ్చేవాడు. దవాఖానవాళ్లు సంతకం పెట్టమని మళ్లీ అడిగారని, జర ఆగున్రి అని చెప్పివచ్చానని రావు గారికి ప్రతిసారీ చెప్పేవాడు. రావు గారు తల ఊపేవారు. ఒకసారి కూతురిని కూడా తీసుకొచ్చాడు. సన్నటి పిల్ల, రెండు జడలు, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగేది. నన్ను చూసి “గింతేనా?” అని నవ్వింది. “ఇది నా గుండెకు సరిపోతదా నాయినా?”

హిమజ ఆ పిల్లను, పిల్ల చేతిలోని నన్నూ ల్యాబులోకి తీసుకెళ్లి, మైక్రోస్కోపులో కొట్టుకుంటున్న కణాలను చూపించింది. సహజ ఒక కన్ను మూసి, చెయ్యి తన గుండె మీద పెట్టుకుని, చాలాసేపు చూసింది. “అక్కా, అది నా దానికన్నా మంచిగ కొట్టుకుంటాంది” అంది.

ఆ పిల్ల వచ్చి వెళ్లాక హిమజకు తొందర ఎక్కువైంది. కంపెనీవాళ్లకు నమూనాలు పంపాలి, నాలో చూస్తే పొడి అడుగంటింది. కామేశం గారు రిటైరయ్యారు, కొత్త పొడి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని ఆమె పొదుపుగా వాడాలనుకుంది. ద్రావకం మునుపటంతే తీసుకుని నన్ను మాత్రం సగం వేసింది. గుండె కణాలు మునుపటిలాగే కొట్టుకున్నాయి. అందులో సగం వేసింది, కొట్టుకున్నాయి. చిటికెడు వేసినా అంతే జోరుగా కొట్టుకున్నాయి. నా సంతోషం చెప్పలేను. ఇంత చిన్న చిటికెడుకే ఇంత శక్తి ఉందా నాలో అని మిడిసిపడ్డాను.

హిమజ మాత్రం సంతోషించలేదు. మందు తగ్గితే ఫలితం తగ్గాలి, తగ్గలేదంటే ఏదో తేడా ఉంది. చివరికి ఒక ప్లేటులో నన్ను అసలు వేయలేదు. ఉత్త ద్రావకం వేసింది.

కొట్టుకున్నాయి.

నా జన్మలో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. ఇన్నాళ్లూ కణాల చెవిలో మాట చెప్పింది నేను కాదు. నేను కరగడానికి పోసిన ఆ ద్రావకం. ఇంటికొచ్చిన పెళ్లికొడుకును నేనే అనుకుని పల్లకీ ఎక్కి కూర్చున్నాను, తీరా చూస్తే మోసే బోయీకి జరగాల్సిన పెళ్లి అది. మిగతావాళ్ల మందులు నీళ్లలో కలుస్తాయి, వాటికి అందరి కంట్రోల్ సరిపోయింది. ద్రావకం కావలసింది నాకొక్కడికే. నా పక్కన ఉత్త ద్రావకం వేసిన గుంట ఒక్కటి ఉండి ఉంటే మొదటి రోజే బండారం బయటపడేది. రూలు ప్రకారం అది లేదు. ఇంతమంది చదువుకున్న వాళ్లలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు, అచ్చువేసిన వాళ్లకూ రాలేదు.

హిమజ ఆ ప్లేటునూ నన్నూ పట్టుకుని రావు గారి గదికి వచ్చింది. గాజులు జేబులో గలగలమనలేదు, ఆ రోజు నడకలో అంత నిదానం ఉంది. ఆయన తన బల్ల మీది మైక్రోస్కోపులో ప్లేటు పెట్టి చూశారు. చూస్తూనే ఉన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

“మరి కంట్రోల్‌లో సాల్వెంట్ వెయ్యలేదా నువ్వు?”

“లేదు సార్. మన కంట్రోల్ అందరికీ ఒకటే కదా సార్.”

“నీకు వేరేగా పెట్టుకోవాలని తెలీదా?”

“వేరేగా పెట్టొద్దని మన రూలు సార్.”

ఆ రూలు పెట్టింది ఆయనే. ఆ నిమిషంలో ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. నిజం ఒప్పుకోవాలని ఆయనకూ ఉంది, అది నేను చూశాను. కానీ ఎదురుగా గోడ మీద పేపరు కటింగు ఫ్రేము కట్టి వేలాడుతోంది. ఆయన కళ్లు అటు వెళ్లాయి.

“ఎవరితోనూ అనకు. సాల్వెంట్ బాటిల్ కల్తీ అయి ఉంటుంది. కొత్తది తెప్పించి మళ్లీ చెయ్.”

కొత్తది తెప్పించింది, మళ్లీ చేసింది, అదే వచ్చింది. కణాలు పాతవేమో, కొత్తవి పెంచి చెయ్ అన్నారు. కొత్తవి పెంచింది, అదే వచ్చింది. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు మీద అనుమానంగా ఉంది అన్నారు. ల్యాబులో తోటివాళ్లకు చెబితే, వ్యాసంలో మా పేర్లూ ఉన్నాయి కదా హిమజా, తొందరపడకు అన్నారు. ఇన్నాళ్లూ టిఫిన్‌కు పిలిచిన వాళ్లు పిలవడం మానేశారు.

ఈలోపు సదానందం వస్తూనే ఉన్నాడు, సంతకం ఆపుతూనే ఉన్నాడు. ఒకరోజు ఆయన వెళ్లగానే హిమజ గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“సార్, ప్రపంచానికి తర్వాత చెబుదురుగాని, ముందు ఆయనకు చెప్పండి సార్. మన మందు వస్తుందని పిల్ల పేరు రాయించకుండా కూర్చున్నారు.”

“ఆపమని నేను చెప్పానా?”

“మీరు చెప్పలేదు సార్. రాయించమనీ చెప్పలేదు.”

“హిమజా, నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టాలి. అది గుర్తుంచుకుని మాట్లాడు.”

ఇది ఆయన అరిచి అనలేదు. మెల్లగా, తండ్రి బుద్ధి చెప్పినట్టే అన్నారు. ఆమె బయటికి వెళ్లిపోయింది.

తర్వాతిసారి సదానందం వచ్చినప్పుడు రావు గారు మీటింగులో ఉన్నారు. హిమజ ఫ్రిజ్ తెరిచి నన్ను కోటు జేబులో వేసుకుని, ఆయనను క్యాంటీను పక్క సిమెంటు బెంచీ దగ్గరికి తీసుకెళ్లింది. నన్ను తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

“అంకుల్, ఇందులో ఏమీ లేదండి.”

“అయిపోయిందా బిడ్డా? మల్ల తెప్పిస్తరా?”

“అది కాదండి. ఇది పని చెయ్యదు. మేం పొరపాటు పడ్డాం. దీన్ని నీళ్లలాంటి ఒక మందులో కలుపుతాం. ఈ పొడి వెయ్యకపోయినా, ఉత్త ఆ నీళ్లు పోసినా కణాలు అలాగే కొట్టుకుంటున్నాయి.”

సదానందం ముఖం వెలిగింది.

“అయితె ఆ నీళ్లే ఇయ్యున్రి!”

హిమజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “అది ప్లేటులో కణాలకే అంకుల్. మనిషి గుండెకు పోస్తే ఏ మేలూ జరగదు. సహజకు ఇవ్వడానికి మా దగ్గర ఏ మందూ లేదు. ఇప్పుడప్పుడే రాదు కూడా. మీరు ఈ రోజే ఆసుపత్రికి వెళ్లి పేరు రాయించండి. మీకు దణ్ణం పెడతాను, వెళ్లండి.”

“నువ్వే చేసినవ్ గద? పేపర్ల నీ ఫోటో గూడ ఉన్నది గద?”

“తప్పు చేశాం అంకుల్.”

“అప్పుడు అయితదన్నరు, ఇప్పుడు కాదంటవ్. నేను దేన్ని నమ్మాలె?” ఆయన గొంతు లేచింది. “పైసలున్నోళ్ల కోసం దాస్తున్రా? పేదోళ్లమని నా బిడ్డకు ఇయ్యనంటున్రా? సారునే అడుగుత.”

హిమజ నన్ను తీసుకెళ్లి మళ్లీ ఫ్రిజ్‌లో, మజ్జిగ ప్యాకెట్ పక్కన పెట్టింది. అందుకే తర్వాత జరిగింది కూడా నేను విన్నాను. సదానందం వచ్చి రావు గారిని నిలదీశాడు. ఆయనకు అది మంచి అవకాశం. నిజం చెప్పడానికి కుర్చీలోంచి లేవనక్కర్లేదు కూడా, అవును, ఆ అమ్మాయి చెప్పింది నిజమే అంటే చాలు. సరిగా పడని ఫ్రిజ్ తలుపు సందులోంచి చూస్తూ, చల్లటి చీకట్లో నేను ఆ మాట కోసం ఎదురుచూశాను.

“ఆ అమ్మాయికి థీసిస్ టెన్షన్ అండీ. కాస్త మనసు బాగోలేదు. పట్టించుకోకండి.”

“మందు ఉన్నదా లేదా సార్?”

“పని జరుగుతూనే ఉందండీ.”

సదానందం హాయిగా ఊపిరి వదిలాడు. నాకు గుండె లేదు గనక బతికిపోయాను.

వానలు వెనకబట్టాక ఆయన మళ్లీ వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. చంకలో సంచి లేదు.

“బిడ్డ పోయింది సార్.”

ఆయాసం ఎక్కువై దవాఖానకు తీసుకెళితే, అప్పుడు పేరు రాసుకున్నారట. వరసలో పేరు వచ్చేదాకా పిల్ల ఆగలేదు. ముందే రాపిస్తే దొరికేదేమో అని డాక్టరు ఒకాయన అన్నాడట. ఇదంతా సదానందం ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. రావు గారు తల వంచుకుని కూర్చున్నారు. హిమజ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు సదానందం చూడలేదు.

“మీరేం జేస్తరు సార్, మీ ప్రయత్నం మీరు జేస్తున్రు. మా రాత గట్లున్నది. మీ మందు ఇంకో ఏడాది ముందుగాల వచ్చుంటె నా బిడ్డ బతుకుతుండె.”

రావు గారు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. అందుకే నాకు ఆయన మీద ఇంకా ఎక్కువ అసహ్యం వేసింది. అంత బాధపడగలిగిన మనిషి నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

హిమజ ఆ నెలలోనే వెళ్లిపోయింది. వ్యాసం వెనక్కి తీసుకుందామని అడిగింది, చూద్దాం అన్నారు. థీసిస్ సంగతి అడిగింది, చూద్దాం అన్నారు. ఆమె తనంతట తానే జర్నల్ వాళ్లకు చెబితే, అందరి సంతకాలూ కావాలన్నారట, ఒక్కరూ పెట్టలేదు. ఇప్పుడు తణుకులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతోందని విన్నాను. ఆ వ్యాసం మీద మొదటి పేరు మాత్రం ఇంకా ఆమెదే. వద్దన్నా తీయరు.

తర్వాత సంస్థకు కొత్త భవనం కట్టారు. ముందు హాల్లో గాజు పెట్టె పెట్టి, అందులో నన్ను ఉంచారు. ‘గుండె కణాలను సృష్టించిన తొలి సీసా’ అని కింద ఇత్తడి పలక. పైన చిన్న లైటు. వెలుతురు తగిలితే పొడి పాడవుతుందని నన్ను ఇన్నేళ్లు చీకట్లో దాచారు, ఇప్పుడు పగలంతా లైటు కిందే ఉంటాను. పాడైతే మాత్రం ఎవరికి నష్టం? ఆ ద్రావకం సీసా ఇప్పటికీ ల్యాబు అలమరలో, అందరూ వాడుకునే సామాన్ల మధ్య నిలబడి ఉంటుంది. దానికి పలకా లేదు, లైటూ లేదు. దాన్ని తలుచుకుని నేను కుళ్లుకుంటాను, అంతకన్నా ప్రశాంతమైన బతుకు లేదు.

మందుల కంపెనీవాళ్లు ఏడాది పాటు తంటాలు పడి, ఏమీ పని చేయక, చప్పుడు చేయకుండా తప్పుకున్నారు. వచ్చినప్పుడు పేపర్లో పడింది, వెళ్లినప్పుడు పడలేదు. కాబట్టి హాలుకు వచ్చేవాళ్లకు నేను ఇంకా గుండెను మొలిపించే పొడినే.

సదానందం ఇప్పటికీ వస్తాడు. భవనం తెరిచిన రోజు తన చేత్తో కుట్టిన ఎర్ర మఖమలు దిండు తెచ్చాడు, నా కింద పెట్టమని బతిమాలితే పెట్టారు. అంచులకు జరీ కుట్టాడు, ఎక్కడా కుట్టు కనపడదు. దాని మీద పడుకోవడం నాకు ముళ్ల మీద పడుకున్నట్టు ఉంటుంది. ఏడాదికోసారి, కూతురు పోయిన రోజున వచ్చి, కండువాతో గాజు తుడిచి, కాసేపు నిలబడి వెళ్తాడు. మందు ఉంది, బిడ్డకు అందలేదు, అంతే. ఆ నమ్మకం మీదే ఆయన బతుకుతున్నాడు. అది తీసేస్తే, ఆ సంతకం ఆపిన చెయ్యి తనదే అని మిగులుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియకూడదనే నేనూ కోరుకుంటాను. హిమజ చెప్పిన ఆ ఒక్కరోజైనా నమ్మి ఉంటే బాగుండేదని మాత్రం ప్రతి ఏడూ అనుకుంటాను.

నిన్న ఆయన వచ్చాడు. ఒంటరిగా రాలేదు. వెంట కరీంనగర్ నుంచి వచ్చినాయన ఒకడు, ఆయన భుజం మీద తల వాల్చిన పదేళ్ల కొడుకు ఉన్నారు. పిల్లవాడి పెదవులు నీలంగా ఉన్నాయి. సదానందం వాళ్లను పెట్టె దగ్గరికి తీసుకొచ్చి, నన్ను వేలుపెట్టి చూపించాడు.

“ఇదే. నా బిడ్డకు అందలె, నీ కొడుకన్న బతకాలె. డాక్టర్లు సంతకం పెట్టుమంటరు, తొందరపడి పెట్టకు తమ్మీ. ముందుగాల సారుతోని మాట్లాడుదాం.”

హాల్లో చాలామందే ఉన్నారు. కుర్చీలో సెక్యూరిటీ గార్డు, మెట్ల మీద కబుర్లు చెప్పుకుంటున్న స్కాలర్లు, లిఫ్టు కోసం ఎదురుచూస్తున్న రావు గారి శిష్యులు ఇద్దరు, వాళ్లకు అన్నీ తెలుసు. ఎవరూ ఇటు తిరగలేదు. లిఫ్టు వచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

కరీంనగర్ ఆయన కొడుకును కిందికి దించి, వాడి రెండు చేతులూ తన చేతుల్లో కలిపి పట్టుకుని, నాకు దండం పెట్టించాడు.